బండి తాళం బిగుసుకొన్నప్పుడు



ఈ నెల మన శీర్షికకు మేము తీసుకొన్న వస్తువు గుప్పిట్లో ఇమిడిపోయేంత చిన్నది. అయినా అది తిరగకపోతే ఆ రోజు ఇంట్లో ఏ పనీ సాగదు. అదే మోటారు సైకిలు తాళం. మెకానిక్కులు దీనిని ఇగ్నిషన్ లాక్ అంటారు. ఎన్నో ఇండ్లలో ఇది నెలల తరబడి మొరాయిస్తూనే ఉంటుంది. యజమాని చెవిని అటూ ఇటూ ఆడించి, కొంచెం పైకి లాగి, ఒక ప్రక్కకు నొక్కి ఎట్లాగో తిప్పుకొంటాడు. ఆ కిటుకు ఆయన ఒక్కనికే తెలుసు. ఆయన ఊర్లో లేని రోజున కుమారుడు తిప్పబోతే చెవి లోపలే విరుగుతుంది.

మన తీరమంతట ఇది కనబడే సంగతే. ఉత్తరాన జువ్వలదిన్నె మొదలుకొని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, మైపాడు, ముత్తుకూరు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన వాకాడు, తూపిలిపాళెం, దుగరాజపట్నం, పులికాటు ఒడ్డు వరకు బండి లేని పల్లె లేదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు దక్షిణపు మండలాలు కొన్ని తిరుపతి జిల్లాలోకి పోయినవి గాని, ఉప్పుగాలికి ఆ గీత తెలియదు. ఈ పల్లెలలో బండి షికారుకు కొన్నది కాదు. పడవలు ఒడ్డుకు చేరే వేళకు ఐసుపెట్టె కట్టుకొని వేలంపాటకు చేరవలెను. ఆలస్యమైతే మంచి చేప ఇంకొకరి గంపలోకి పోతుంది. రొయ్యల చెరువులలో నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుఝామునే బాగా తగ్గుతుంది. ఆ వేళలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, డీజిలు తెచ్చి ఇంజను వేయడానికి చేతిలో ఉండే సమయం చాలా కొద్ది. ఇక రాత్రివేళ నొప్పులు పడే తల్లిని, ఆయాసముతో ఉన్న పెద్దవారిని ఆసుపత్రికి చేర్చవలసిన ఇంటివారికి ఈ చిన్న తాళం విలువ మేము చెప్పనక్కరలేదు.

గనుక ఈ తాళం లోపల ఏమున్నది, అది ఎందుకు బిగుసుకొంటుంది, ఇంటివద్ద మనం ఏమి చేసుకోవచ్చు, ఏది చేయకూడదు అన్న సంగతులు వరుసగా చూద్దాము.

లోపల ఏమున్నది?

తాళంలో మూడు భాగాలున్నవని గుర్తుంచుకొంటే చాలు. మొదటిది చెవి దూర్చే బుడ్డి. అందులో పలుచని ఇత్తడి రేకులు కొన్ని వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క రేకు వెనుక వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుంది. చెవి లేనప్పుడు ఈ రేకులు బయటకు పొడుచుకొని వచ్చి బుడ్డిని తిరగనీయవు. సరియైన చెవి దూర్చినప్పుడు దాని గాట్లు ఒక్కొక్క రేకును ఎంత జరపవలెనో అంతే జరుపుతాయి. రేకులన్నియు బుడ్డి అంచుతో సమానమైనప్పుడే అది తిరుగుతుంది. చదునైన చిన్న చెవితో తీసే తాళమును 1860ల నాటికే అమెరికాలో లైనస్ యేల్ అనే ఆయన పేటెంటు చేసి ప్రచారంలోకి తెచ్చాడు. మన బండి తాళం పనితీరు దానికి బంధువే. ఇక్కడ తేడా అంతా మిల్లీమీటరులో కొద్ది భాగమే గనుక, చెవి కొంచెం అరిగినా, రేకు కొంచెం బిగుసుకొన్నా పని చెడుతుంది.

రెండవది హ్యాండిల్ లాక్. తాళం నుండి ఒక ఇనుప పిన్ను బయటకు వచ్చి ఫ్రేములోని గుంటలో దిగుతుంది. కొన్ని పాత బండ్లలో ఇది వేరుగా ఉండేది. తరువాత వచ్చిన చాలా బండ్లలో ఒకే తాళంలో కలిసి ఉన్నది.

మూడవది అడుగున ఉండే కరెంటు స్విచ్చి. ఇది ప్లాస్టిక్ పళ్ళెము వంటిది. అందులో రాగి ముక్కలు, వాటిని తాకే కదిలే ముక్క ఉంటాయి. బుడ్డి తిరిగినప్పుడు ఇది తిరిగి తీగెలను కలుపుతుంది లేక విడదీస్తుంది. "తాళం పాడైంది" అని మనం అనేటప్పుడు నిజానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి పాడైయుంటుంది. ఏది పాడైనదో తెలియకుండా మొత్తం మార్చివేయడం డబ్బు దండుగ.

మన తీరంలోనే ఎందుకు ఎక్కువ?

ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. సముద్రపు గాలితో వచ్చిన సన్నని ఉప్పు తాళం నోటిలో చేరి తేమ పీల్చి, ఎండ కాసినప్పుడు ఆరి, రాత్రి మళ్ళీ తడిసి, లోపలి లోహమును కొంచెం కొంచెముగా తింటుంది. తాళం ఒళ్ళు చాలావరకు జింకు కలిసిన లోహపు పోతతో చేసినది. ఉప్పు తగిలితే దానిమీద సున్నపు పొడి వంటి తెల్లని బూజు లేస్తుంది. స్ప్రింగులు తుప్పు పడతాయి. దీనికి తోడు చేపల నీరు కారే చేతితో చెవి దూర్చుతాము. ఆ తడి లోపలికే పోతుంది.

ఇసుక ఇంకొక శత్రువు. ఇప్పటి బండ్లలో, స్కూటర్లలో కొన్నిటికి తాళం నోటిమీద మూసుకొనే రెప్ప, దానిని తెరవడానికి అయస్కాంతపు చెవి ఉంటాయి. దొంగల భయానికి అది మంచిదే. అయితే బడిలో పిల్లలు అయస్కాంతమును ఇసుకలో ఆడించినప్పుడు నల్లని రేణువులు అంటుకొనుట అందరూ చూచియుంటారు. సముద్రపు ఒడ్డున చెవి ఇసుకలో పడితే అవే రేణువులు దాని తలకు అంటుకొని, రెప్ప దగ్గరకు చేరుతాయి. గనుక చెవి క్రింద పడినప్పుడు పంచెకు తుడిచి దూర్చడం కాదు, తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత దూర్చవలెను.

ముందు జబ్బేదో తెలుసుకోవలెను

మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. బండి కొన్నప్పుడు ఇచ్చిన రెండవ చెవిని పెట్టెలోనుండి తీయండి. అది వాడకుండా ఉన్నది గనుక గాట్లు అరగలేదు. దానితో తాళం మెత్తగా తిరిగితే జబ్బు తాళానిది కాదు, రోజూ వాడే చెవిది. రెండు చెవులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. పాతదాని గాట్ల కొనలు గుండ్రముగా అరిగియుంటాయి. గాజు పలక మీద పెట్టినప్పుడు చెవి ఊగితే అది వంగినదని అర్థము.

రెండవ చెవితో కూడ తిరగకపోతే, హ్యాండిల్ లాక్ వేసియున్నదేమో చూడండి. బండిని వాలుగా నిలిపినప్పుడు ముందు చక్రం బరువంతా ఆ ఇనుప పిన్ను మీద పడి అది గుంటలో ఇరుక్కొంటుంది. అప్పుడు బలముగా తిప్పితే విరిగేది చెవే. ఎడమచేత హ్యాండిల్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తూ కుడిచేత చెవిని నెమ్మదిగా తిప్పితే తాళం దానంతట అదే విడుతుంది.

చెవి లోపలికి పూర్తిగా దిగకపోతే లోపల మట్టి లేక తుప్పు ఉన్నది. దిగుతుంది గాని తిరగదంటే రేకులు బిగుసుకొని యుండవచ్చు లేక అరిగియుండవచ్చు. హాయిగా తిరుగుతుంది గాని హారను, ఇండికేటర్లు రావు, లేదా ఇంజను ఆగదు అంటే తప్పు అడుగున ఉన్న స్విచ్చిది. ఈ పద్ధతిలో చూస్తే సగము పని అయినట్లే.

ఇంటివద్ద శుభ్రపరచుట

మట్టి, తుప్పు వలన వచ్చిన బిగువు చాలావరకు ఇంటివద్దనే పోతుంది. ఇంజను చల్లబడి, తాళం ఆఫ్‌లో ఉన్నప్పుడే ఈ పని చేయవలెను. మనం వాడే స్ప్రేలు మండేవి గనుక దగ్గరలో బీడీ, పొయ్యి ఉండకూడదు.

మొదట చెవిని సబ్బునీటితో, పాత పండ్ల బ్రష్షుతో తోమి బాగా ఆరనివ్వండి. తరువాత సైకిలు పంపుతో గాని, పంక్చరు షాపులోని గాలితో గాని తాళం నోటిలోకి గాలి కొట్టండి. ముఖమును ప్రక్కకు తిప్పుకోవలెను. ఇసుక కంటిలో పడుతుంది. ఆ తరువాత తుప్పు విడిపించే స్ప్రే సన్నని గొట్టముతో రెండు మూడు క్షణాలు లోపలికి కొట్టండి. అంగళ్ళలో దొరికే డబ్ల్యూడీ-40 అటువంటిదే. 1953లో అమెరికాలో దానిని నీటిని తరిమివేయడానికే తయారుచేసినారు. నలభైయవ ప్రయత్నములో కుదిరినందున ఆ పేరు వచ్చినది. మొదట అట్లాస్ అనే క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా వాడినారు. శ్రీహరికోట రాకెట్లను ఆకాశములో చూచే మన తీరవాసులకు ఈ సంగతి వినసొంపుగానే ఉంటుంది.

స్ప్రే కొట్టిన తరువాత ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పుడు చెవిని తిప్పకుండా ఇరవైసార్లు దూర్చి తీయండి. తీసిన ప్రతిసారి తెల్లని గుడ్డతో తుడవండి. మొదట నల్లని జిడ్డు వస్తుంది. గుడ్డకు మురికి అంటనంతవరకు స్ప్రే, చెవి, గుడ్డ ఇట్లే జరిపించండి. ఆ తరువాతనే తిప్పి చూడండి. ఒక్కసారికే కాకపోతే రాత్రంతా నాననిచ్చి ఉదయం మళ్ళీ చేయండి. తొందరపడి పటకారుతో పట్టి తిప్పకూడదు.

ఏ నూనె వేయవలెను?

ఇక్కడ చాలామంది కొబ్బరినూనె సీసా తీస్తారు. అది తలకు మంచిదే గాని తాళానికి కాదు. చెట్లనుండి వచ్చే నూనెలు గాలి తగిలి రోజులు గడిచేకొద్ది జిగురువలె మారుతాయి. అంతేగాక కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకట్టుతుంది. మార్గశిర పుష్య మాసాల తెల్లవారుఝామున సీసాలో నూనె పేరుకొనుట మనం చూస్తూనే ఉంటాము. సీసాలో జరిగేదే తాళంలోనూ జరుగుతుంది. ఇంజను ఆయిలు, గ్రీసు చిక్కనివి. ఇసుకను పట్టి ఉంచి, రేకులను అరగదీసే పిండిగా మారుస్తాయి.

పెన్సిలు పొడి, అనగా గ్రాఫైటు, వేయమని చాలామంది చెప్పుతారు. మెట్ట ప్రాంతములో ఇంటి తలుపు తాళానికి అది చక్కగా పనిచేస్తుంది. మన తీరంలో బండి తాళానికి మాత్రం మేము దానిని సిఫారసు చేయము. అందుకు రెండు కారణాలున్నవి. ఒకటి, గ్రాఫైటులో కరెంటు ప్రవహిస్తుంది. ఆ పొడి అడుగున ఉన్న స్విచ్చిమీద రాలితే కలువకూడని ముక్కలు కలుస్తాయి. రెండు, ఉప్పుతడి ఉన్నచోట గ్రాఫైటు ప్రక్కనున్న లోహం మరింత త్వరగా తినబడుతుంది.

మనకు సరిపడేది టెఫ్లాన్ లేక సిలికోన్ స్ప్రే. అది ఆరిన తరువాత పలుచని పొరగా నిలిచి ఇసుకను పట్టుకోదు. ఊరిలో అది దొరకకపోతే కుట్టుమిషను నూనె ఒకే ఒక బొట్టు చెవికి రాసి, పదిసార్లు దూర్చి తీసి, మిగిలినది తుడిచివేయండి. స్ప్రేతో కడిగి వదిలివేస్తే సరిపోదు. అది మురికిని విడిపిస్తుందే గాని ఎక్కువకాలం నిలువదు.

చెవి లోపల విరిగితే

తాళం తిరిగియున్న స్థితిలో రేకులు విరిగిన ముక్కను బయటకు రానీయవు. స్క్రూడ్రైవరు కొనతో నెమ్మదిగా ఆఫ్ స్థానమునకు తేవలెను. తరువాత కొంచెం స్ప్రే కొట్టి, సన్నని రంపపు బ్లేడు ముక్కను పండ్లు మనవైపు వంగియుండునట్లు ప్రక్కగా దూర్చి, ముక్కను పట్టి లాగండి. ఫెవిక్విక్ వంటి జిగురును పుల్లకు రాసి దూర్చువారున్నారు. ఆ జిగురు రేకులకు అంటితే ఇక ఆ తాళానికి సెలవే. ముక్కలు రెండూ దాచి తాళాలవానికి చూపండి. వాటిని కలిపి పెట్టి గాట్లు కొలుచుకొనగలడు.

స్విచ్చి, తీగెల సంగతి

1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చినప్పటినుండి మన పల్లెలలో ఆ తరహా కార్బురేటరు బండ్లే ఎక్కువ. వాటి తాళానికి సాధారణముగా నాలుగు తీగెలుంటాయి. ఎరుపు బ్యాటరీనుండి వస్తుంది. నలుపు హారను, ఇండికేటర్లకు పోతుంది. తెల్లచార ఉన్న నలుపు ఇంజను నిప్పును ఆపేది. ఆకుపచ్చ ఎర్త్. తాళం ఆన్ చేస్తే ఎరుపు, నలుపు కలుస్తాయి. ఆఫ్ చేస్తే తెల్లచార నలుపు ఆకుపచ్చతో కలిసి నిప్పు ఎర్త్‌లోకి పోతుంది, ఇంజను ఆగుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే జబ్బు చెప్పడం సులభము. ఇంజను నడుస్తుంది గాని హారను లేదంటే, ఫ్యూజు బాగుంటే, ఎరుపు నలుపు ముక్కలకు చిలుము పట్టినదేమో చూడవలెను. తాళం ఆఫ్ చేసినా ఇంజను ఆగకపోతే మిగిలిన జత కలవడము లేదు. వానలో తడిసిన రోజున కిక్కు ఎంత కొట్టినా నిప్పు రాకపోతే, స్విచ్చిలో నిలిచిన ఉప్పునీటి ద్వారా నిప్పు ఎర్త్‌లోకి కారిపోతున్నదేమో అనుమానించవచ్చు. అప్పుడు స్విచ్చిని విప్పి ఆరబెట్టితే బండి లేస్తుంది.

విప్పదలచినవారు ముందు బ్యాటరీ నెగెటివ్ తీగె తీసివేయవలెను. హెడ్‌లైటు డూము విప్పితే కనెక్టరు కనబడుతుంది. తాళం సాధారణముగా హ్యాండిల్ క్రింద రెండు బోల్టులతో బిగించియుంటుంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ పళ్ళెమును గుడ్డ పరచుకొని దానిపైన తెరవండి. లోపలి చిన్న గోళీ, స్ప్రింగు ఎగిరిపోతే వెతుకుట కష్టము. రాగి ముక్కలను పెట్రోలు గుడ్డతో తుడిచి, అవసరమైతే నున్నని ఎమరీ కాగితముతో మెల్లగా రుద్ది, పెట్రోలు పూర్తిగా ఆరిన తరువాత మూయవలెను. ప్లాస్టిక్ కరిగియుంటే, ముక్కలు గుంటపడియుంటే మార్చడమే మంచిది.

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 నియమము వచ్చిన తరువాత బండ్లు చాలావరకు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే. వాటిలో పెట్రోలు పంపుకు, కంప్యూటరు పెట్టెకు కరెంటు ఈ తాళం ద్వారానే పోవలెను. స్విచ్చిలో ఒక్క క్షణం పట్టు తప్పినా నడుస్తున్న ఇంజను ఆగిపోవచ్చును. వెనుక లారీ వస్తున్నప్పుడు అది ప్రాణముమీదికి వచ్చే సంగతి. గనుక గుంటలో పడినప్పుడెల్లా ఇంజను దగ్గినట్లయితే నిర్లక్ష్యము చేయక చూపించుకోవలెను. ఆ బండ్ల తీగెలను ఇంటివద్ద కదిలించకుండుట క్షేమము.

చేయకూడని రెండు పనులు

తాళం తిరగకపోతే లోపలి రేకులను ఆకురాయితో రుద్దివేసే పనివారున్నారు. తాళం వెంటనే వెన్నవలె తిరుగుతుంది, యజమాని సంతోషపడతాడు. అయితే ఆ రేకులే కదా కాపలాదారులు? వాటిని రుద్దివేసిన తరువాత ప్రక్కింటివారి చెవితోనూ, చివరకు చదునైన ఇనుపముక్కతోనూ అది తిరుగుతుంది. నడిచే బండిలోనుండి చెవి జారి రోడ్డుమీద పడిపోవడమూ ఉన్నది.

రెండవది "డైరెక్టు" చేయించుకొనుట. మాకు తెలిసిన ఒక కుటుంబము ఇందుకూరుపేట ప్రాంతములో ఉన్నది. భర్త రేవునుండి చేప తెచ్చేవాడు, భార్య నాలుగూళ్ళు తిరిగి అమ్మేది. తాళం బిగుసుకొన్నప్పుడు బండి బాగుచేసే అతడు, "తాళంతో పనేముందన్నా, ట్యాంకు కింద బటన్ పెడతా, వేలితో నొక్కితే చాలు" అన్నాడు. రెండేళ్ళు అట్లే నడిచింది. ఒకరోజు పెండ్లి పందిరి ప్రక్కన పెట్టిన బండి భోజనాలయ్యేసరికి లేదు. భీమా థర్డ్ పార్టీది మాత్రమే గనుక దొంగతనానికి రూపాయి రాలేదు. ఆ తరువాత ఆ సోదరి మళ్ళీ గంప నెత్తిన పెట్టుకొని బస్సు కొరకు నిలబడవలసి వచ్చినది. పరామర్శకు పోయినప్పుడు ఆమె మాతో, "తాళం డబ్బులు మిగిలాయనుకున్నామయ్యా, బండినే ఇచ్చేసుకున్నాం" అన్నది. మేము జవాబు చెప్పలేకపోయాము.

చెవుల గుత్తి బరువు

బండి చెవికే ఇంటి చెవి, బీరువా చెవి, చెరువు షెడ్డు చెవి, ఒక ఇత్తడి బొమ్మ కలిపి గుత్తిగా వేలాడదీయుట మన అలవాటు. గతుకుల దారిలో ఆ గుత్తి ఊగిన ప్రతిసారి చెవి లోపల రేకులను కొడుతూ ఉంటుంది. గుత్తి బరువు ఎంత పని చేయగలదో తెలియడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చాలు. 2014లో జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 26 లక్షల కార్లను వెనుకకు పిలిచినది. వాటి ఇగ్నిషన్ స్విచ్చి పట్టు బలహీనముగా ఉన్నందున, బరువైన గుత్తి వేలాడినా, మోకాలు తగిలినా, కారు నడుస్తుండగానే స్విచ్చి జారి ఇంజను ఆగిపోయేది. అప్పుడు ప్రమాదములో కాపాడవలసిన గాలిసంచులు కూడ తెరుచుకొనేవి కావు. నష్టపరిహారము కొరకు ఏర్పాటు చేసిన నిధి 124 మరణములను ఈ లోపము క్రిందకు వచ్చినవిగా అంగీకరించినది. ఒక చిన్న స్ప్రింగు బలము చాలకపోవడం వలన అన్ని ఇండ్లలో దీపాలారిపోయినవి. మన బండి వేరు, ఆ కారు వేరు. అయినను బండి చెవిని ఒంటరిగా ఉంచుటకు ఖర్చేమీ లేదు గదా.

కొత్త చెవి, కొత్త తాళం

కొత్త చెవి కోయించునప్పుడు అరిగిన చెవిని నమూనాగా ఇవ్వకూడదు. అరుగుదల కూడ నకలులోకి వస్తుంది. పెట్టెలోని చెవి తల్లి వంటిది. దానినుండే నకలు తీయించి, దానిని మళ్ళీ పెట్టెలో దాచండి. కొన్ని కంపెనీలు చెవితోబాటు నెంబరున్న చిన్న బిళ్ళ ఇస్తాయి. దానిని పారవేయక నెంబరును ఇంటి పుస్తకములో రాసుకోండి.

తల్లి చెవి కూడ పని చేయకపోతే రేకులే అరిగినవి. నేర్పరియైన తాళాలవాడు బుడ్డి విప్పి అరిగిన రేకులు మార్చగలడు. లేనియెడల లాక్ సెట్టు మార్చవలెను. ఇంజను తాళం, పెట్రోలు ట్యాంకు మూత, ప్రక్క డబ్బా లేక సీటు తాళం అన్నియు ఒకే చెవికి వచ్చే సెట్టు కొనుట మేలు. ఒక్క ఇంజను తాళమే మార్చితే ఇంటిలో రెండు చెవులు పోగై, అవసరమైనప్పుడు దొరికేది రెండవదే. బిల్లును ఆర్‌సీతోబాటు భద్రపరచండి. తాళాలవాడు బండి కాగితాలు చూపమంటే కోపగించుకోకూడదు. కాగితాలు అడగకుండా ఎవరికైనా చెవి చేసి ఇచ్చేవాడు మన బండికీ చేసి ఇస్తాడు.

భీమా విషయము కూడ ఒక మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారము థర్డ్ పార్టీ భీమా తప్పనిసరి. అయితే బండి దొంగతనమైతే దానికింద ఏమీ రాదు. సొంత నష్టానికి కూడ కలిపి కట్టిన పాలసీ ఉంటేనే వస్తుంది. అప్పుడు కూడ పోలీసు కేసు నకలుతోబాటు రెండు చెవులను ఇవ్వమని సాధారణముగా అడుగుతారు. బండిని జాగ్రత్తగా ఉంచుకొనుట యజమాని బాధ్యత అని పాలసీలో రాసియుంటుంది. చెవి బండికే వదిలి టీ కొట్టులోకి పోయేవారు, తాళం డైరెక్టు చేయించినవారు దీనిని ఆలోచించవలెను.

నీట మునిగిన బండి

2004 డిసెంబరు 26 సునామీలో సముద్రము ఊళ్ళమీదికి వచ్చినది. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు, కోవూరు ప్రాంతాలను ముంచినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వాన కురిపించినది. ఇటువంటి దినములు మనకు మళ్ళీ రావని చెప్పలేము. బండి మునిగితే నీరు తీసిన వెంటనే తాళం తిప్పి చూచుట పెద్ద పొరపాటు. తడిలో కరెంటు పారితే రాగి ముక్కలు త్వరగా చెడిపోతాయి. ముందు బ్యాటరీ తీగె విప్పండి. మునిగినది ఉప్పునీటిలోనైతే, వినడానికి వింతగా ఉన్నా, తాళమును మంచినీటితో బాగా కడగవలెను. ఉప్పు నీటిలో కరుగుతుంది గాని నూనెలో కరగదు. ఉప్పు పోకుండా నూనె పోస్తే తుప్పును లోపల పెట్టి మూసినట్లే. కడిగి, గాలి కొట్టి, నీడలో ఒక దినము ఆరబెట్టి, అప్పుడు స్ప్రే కొట్టండి. ఇంజను సంగతి మెకానిక్కు చూచిన తరువాతనే కిక్కు కొట్టవలెను.

నెలకు పది నిమిషాలు

ఈ మాటలన్నిటిని ఇంటిలో ఒక అలవాటుగా చేసుకొంటే చాలు. నెలలో ఒక సాయంత్రము చెవిని కడిగి, తాళమునకు గాలి కొట్టి, ఆరిపోయే స్ప్రే కొంచెం వేసి, రెండవ చెవితో కూడ ఒకసారి తిప్పి చూడండి. రాత్రివేళ తాళం నోటిమీద ఒక గుడ్డగాని, పాత ట్యూబుముక్కతో చేసిన మూతగాని వేయండి. బండిని సముద్రపు గాలికి ఎదురుగా కాక గోడచాటున నిలపండి. చెవిని బండికి వదలక, చిన్నపిల్లలకు అందని మేకుకు తగిలించండి. పెద్ద పిల్లలకు, ఇంటి ఆడవారికి కూడ ఈ పని నేర్పండి. బండి నడపని తల్లియైనను చెవిని శుభ్రముగా ఉంచగలదు. తాళం కొంచెం బిగువైన మొదటి రోజుననే చూచినయెడల గుడ్డముక్క, ఒక్క బొట్టు నూనెతో పోయే పని అది. పడవలు ఒడ్డుకు వచ్చే వేళ వరకు దానిని వాయిదా వేయవద్దు.

వచ్చే నెల మరియొక ఇంటి పనితో మిమ్మును కలుసుకొందుము.